పొయ్యి పక్కన: గ్రేప్‌ఫ్రూట్ చేదు ఎక్కడ దాక్కుంటుంది?

పోయిన నెల ఈ శీర్షికలో ‘చలికాలం పళ్ళ గురించి అడగండి’ అని రాశాను. ఉసిరికాయలూ రేగుపళ్ళూ కమలాలూ వస్తాయనుకున్నాను. సంచి విప్పితే సగానికి పైగా ఉత్తరాలు గ్రేప్‌ఫ్రూట్ మీదే, అదే, నారింజ జాతిలో ఆ చేదు పండు. పండక్కి అమెరికా నుంచి దిగే పిల్లలు, ఊళ్ళో కొత్తగా తెరిచిన ఏసీ పళ్ళ దుకాణాలు, ఫోన్లో వంటల వీడియోలు, ఈ మూడూ కలిసి చేసిన పని ఇది. సరే, ఈ నెల కాలమ్ అంతా దానికే ఇచ్చేస్తున్నాను. కొత్తగా చదివేవాళ్ళకి చిన్న మాట: నేను పాలకొల్లులో ముప్ఫయ్యేళ్ళు బేకరీ నడిపిన మనిషిని. కట్టెల బట్టీతో మొదలుపెట్టి కరెంటు ఓవెన్‌తో ఆపాను. నాకు తెలిసింది చేతితో తెలిసిందే.

మా అమ్మాయి హ్యూస్టన్‌లో ఉంటుంది. సెలవులకి వచ్చి, అక్కడ రోజూ పొద్దున్నే తింటానంటూ కాకినాడలో నాలుగు గ్రేప్‌ఫ్రూట్లు కొంది. బత్తాయి ఒలిచినట్టు ఒలిచి తొనలు పెడితే ఇంటిల్లిపాదీ ఉమ్మేశారు. మిగతా మూడూ ఫ్రిజ్‌లో ఉన్నాయి. పారేయడానికి మనసొప్పడం లేదు. – ఒక తల్లి, అమలాపురం

పారేయకండమ్మా. తప్పు పండుది కాదు, ఒలిచిన పద్ధతిది.

బత్తాయిని గోటితో ఒలిచి, తొన తొనగా విడదీసి, పొరతో సహా నోట్లో వేసుకుంటాం. గ్రేప్‌ఫ్రూట్‌కి అలా చేస్తే చేదునంతా ఏరి మరీ తిన్నట్టు. దాని చేదుకి కారణం నారింజిన్ అనే పదార్థం. పేరు మన నారింజ పేరులాగే ఉంది చూడండి. అది తొక్క కింద ఉండే తెల్లటి దూదిలోనూ, తొన చుట్టూ ఉన్న పొరలోనూ ఎక్కువ. గింజల్లో ఇంకో రకం చేదు ఉంటుంది. లోపల ముత్యాల్లా ఉండే గుజ్జులో మాత్రం చాలా తక్కువ. అంటే పండు మొత్తం చేదు కాదు, చేదు కొన్ని గదుల్లో కాపురం ఉంటుంది. ఆ గదులు తెలిస్తే ఎంత కావాలో అంతే తీసుకోవచ్చు.

ఇలా కోయండి. పండు పైనా కిందా ఒక్కో చక్రం కోసేసి పీట మీద నిలబెట్టండి. పదునైన చాకుతో పై నుంచి కిందికి, పండు ఒంపుని బట్టి, తొక్కనీ తెల్లదాన్నీ కలిపి చెక్కేయండి. ఎర్రటి గుజ్జు బయటికి కనిపించాలి. కాస్త గుజ్జు పోయినా పోనివ్వండి, అక్కడ పిసినారితనం చూపిస్తే తెల్లది మిగులుతుంది. ఇప్పుడు పండుని ఎడమ చేతిలో గిన్నె మీద పట్టుకుని, ఒక్కో తొనకి రెండు వైపులా పొరని ఆనుకుని చాకు దించండి. తొన జారి గిన్నెలో పడుతుంది. పొరలన్నీ పుస్తకం పేజీల్లా చేతిలో మిగులుతాయి. వాటిని ఒక్కసారి పిండి రసం తీసి పారేయండి. గట్టిగా పిండకండి, చేదు కూడా దిగుతుంది.

ఇక తినేముందు చిటికెడు ఉప్పు. అందరూ పంచదార చల్లుతారు గానీ చేదుని అణచడంలో ఉప్పు ముందుంటుంది. మా నాయనమ్మ పంపర పనస తొనలకి ఉప్పూ కారం అద్ది ఇచ్చేది. అప్పట్లో అది నోరూరడానికి అనుకున్నాను. నాలుక మీద చేదుని ఉప్పు కప్పేస్తుందని చాలా ఏళ్ళకి తెలిసింది.

మిగిలిన మూడిట్లో ఒకదాన్ని ఇలా చేసి చూడండి. అడ్డంగా రెండు చెక్కలు చేసి, కోసిన వైపు పంచదారలో అద్ది, బాగా కాలిన ఇనప పెనం మీద బోర్లించండి. ఒక నిమిషం, అంతే. పంచదార గోధుమరంగు పాకమై అంటుకుంటుంది. తిరగేసి, ఏలకుల పొడి చిటికెడు, ఉప్పు రెండు పలుకులు వేసి, చెంచాతో తీసుకుని తినాలి. పొద్దున్నే మంచు పడుతుంటే, పైన వేడిగా లోపల చల్లగా ఉండే ఆ ముక్క బాగుంటుంది. ఒక హెచ్చరిక: అది మా ఆవిడ దోసెల పెనం. ఆ పని చేసిన రోజు నేను దాన్ని సున్నితంగా గోకి, నూనె రాసి పెట్టకపోతే మర్నాడు మొదటి దోసె రాలేదు, ఆ తర్వాత చాలా మాటలు వచ్చాయి.

మీ అమ్మాయితో ఒక మాట చెప్పండి. తను ఉంటున్న టెక్సాసే ఎర్ర గ్రేప్‌ఫ్రూట్‌కి పుట్టిల్లు. 1929లో అక్కడి మెకాలెన్ దగ్గర, గులాబీ రంగు పండ్లు కాసే చెట్టుకి ఎర్రటి కాయలు కనిపించాయి. దాని నుంచే రూబీ రెడ్ వచ్చింది. ఆ ఎరుపు టమాటాలో ఉండే లైకోపీన్‌దే. ఎరుపు ముదిరిన రకాలు మామూలుగా తియ్యగా ఉంటాయి కాబట్టి మళ్ళీ కొనేటప్పుడు తెల్ల గుజ్జువి కాకుండా ఎర్రవి అడగండి. చేత్తో పట్టుకుని చూసి, సైజుకి మించి బరువున్నవి ఏరుకోండి. రసం ఉన్న పండే బరువుంటుంది.

దుకాణంలో గ్రేప్‌ఫ్రూట్ అడిగితే కుర్రాడు కిలో నల్ల ద్రాక్ష తూచి ఇచ్చాడు. ద్రాక్షకీ దీనికీ సంబంధం ఏమిటి? – తణుకు

ఏమీ లేదు. చెట్టుకి ఈ కాయలు ద్రాక్ష గుత్తిలా గుంపుగా వేలాడతాయని ఆ పేరు పెట్టారంటారు. కుర్రాణ్ణి ఏమీ అనకండి. నేను మొదటిసారి హైదరాబాదులో ఈ పేరు విని ద్రాక్ష రసం అనుకునే ఆర్డరిచ్చాను.

మా దొడ్లో పంపర పనస చెట్టుంది. గ్రేప్‌ఫ్రూట్ అంటే ఇదేనని మా తోటికోడలు అంటుంది. కాదని నేను. అదీ ఇదీ ఒకటేనా? వంటల్లో దానికి బదులు ఇది వాడొచ్చా? – పి.గన్నవరం

మీ ఇద్దరికీ చెరి సగం మార్కులు. అవి ఒకటి కావు, తల్లీబిడ్డలు.

పంపర పనస ఆగ్నేయాసియా పండు. ఈ పుల్లపళ్ళ వంశంలో మూలపురుషుల్లో ఒకటి. షాడక్ అనే ఓడ కెప్టెన్ దీని గింజలు కరీబియన్ దీవులకి పట్టుకెళ్ళాడని చెప్పుకుంటారు, ఇంగ్లీషులో పంపర పనసకి ఆయన పేరు కూడా ఉంది. అక్కడ బార్బడోస్ దీవిలో అది తియ్య నారింజతో కలిసి కొత్త చెట్టు పుట్టింది. ఎవరూ పనిగట్టుకుని చేసిన సంకరం కాదు, తోటలో దానంతటదే జరిగింది. 1750లో ఆ దీవి గురించి పుస్తకం రాసిన గ్రిఫిత్ హ్యూస్ అనే పాదిరి దాన్ని ‘నిషిద్ధ ఫలం’ అన్నాడు. ఆ పేరు వాసన దాని శాస్త్రీయ నామంలో ఇప్పటికీ ఉంది, అందులో ‘పారడైజ్’ మాట దాగి ఉంటుంది. ఇంకో తమాషా, ఆ తియ్య నారింజ కూడా పంపర పనస రక్తం ఉన్నదే. అంటే గ్రేప్‌ఫ్రూట్‌కి పంపర పనస ఒక వైపు తల్లి, ఇంకో వైపు నాయనమ్మ. మనవాళ్ళ మేనరికం సంబంధాల్లాగా.

ఇక్కడ నా సొంత గొడవ ఒకటి. డచ్చివాళ్ళు ఈ పండుని పాంపెల్మూస్ అంటారు. మా పాలకొల్లులో ఒకప్పుడు డచ్చివాళ్ళ వర్తక కేంద్రం ఉండేది. పాంపెల్మూస్, పంపర పనస... రెండుసార్లు గట్టిగా అని చూడండి. నాకైతే ఒక మాటలోంచి ఇంకోటి వచ్చిందనే అనిపిస్తుంది. భాషా పండితులు తిడితే పడతాను. పనసకీ దీనికీ మాత్రం ఏ చుట్టరికమూ లేదు.

వంట సంగతి. పంపర పనసలో తెల్ల దూది వేలు మందం ఉంటుంది, ముత్యాలు పొడిపొడిగా, గట్టిగా ఉంటాయి, రసం తక్కువ. కాబట్టి రసం అడిగే వంటల్లో అది గ్రేప్‌ఫ్రూట్‌కి సాటి రాదు. కేకు మీద పోసే పాకం, షర్బత్, ఇలాంటివాటికి గ్రేప్‌ఫ్రూటే కావాలి, లేదా సగం బత్తాయి సగం నిమ్మ కలపాలి. కానీ ముత్యాలు విడిగా నిలబడాల్సిన చోట, అంటే సలాడ్, పెరుగు పచ్చడి, చాట్, అక్కడ పంపర పనసే మేలు. గ్రేప్‌ఫ్రూట్ తొన ఉప్పు తగలగానే నీరు కారిపోతుంది. పంపర పనస గంటసేపైనా చెక్కుచెదరదు. బెంగాలీలు దీన్ని బటాబీ లేబు అంటారు, ఆవనూనె, పచ్చిమిర్చి, ఉప్పూ పంచదారా కలిపి నలిపి తింటారు. మన ఊళ్ళల్లో ఆవనూనె పడదు గానీ, ఆవపొడి ఒక చిటికెడు వేసి చూడండి.

పైగా ఇంత మందం తొక్క ఉంది కాబట్టి చెట్టు నుంచి కోసిన కాయ వారాల తరబడి నిలవుంటుంది. మా ఇంట్లో వినాయక చవితికి పాలవెల్లికి కట్టినవి పోగా, మిగిలినవి అటక మీద గడ్డిలో పెట్టేవాళ్ళు. కార్తీకంలో దించేసరికి తొక్క ముడతలు పడి ఉండేది, లోపల మాత్రం తియ్యగా ఉండేది.

గ్రేప్‌ఫ్రూట్ కేకు చేశాను. తొక్క మొత్తం తురిమి, రాత్రే పిండి పెట్టుకున్న రసం పోసి, వంటసోడా వేసి కలిపాను. పిండి బుసబుసా పొంగింది, సంతోషించాను. ఇంతలో కరెంటు పోయింది. గంటకి వచ్చాక ఓవెన్‌లో పెడితే మధ్యలో గుంట పడి ఇటుకలా వచ్చింది, పైగా చేదు. ఎక్కడ పొరపాటు? – భీమవరం

మూడు చోట్ల. మీరు అన్నీ వివరంగా రాశారు కాబట్టి రోగం పట్టడం తేలికైంది.

ఒకటి, సోడా. సోడాకి పులుపు తగలగానే గాలి పుడుతుంది. అది ఒకసారి మొదలైతే కరెంటు వాళ్ళ కోసం ఆగదు. మీరు చూసి సంతోషించిన ఆ బుసబుసే కేకుని పైకి లేపాల్సిన గాలి. అది గిన్నెలోనే అయిపోయింది. పుల్లటి రసం వేసే కేకుల్లో సోడా చివర్న వేయాలి, వేశాక పదినిమిషాల్లో పిండి ఓవెన్‌లో ఉండాలి. కరెంటు మీద నమ్మకం లేకపోతే బేకింగ్ పౌడర్ ఎక్కువ, సోడా తక్కువ పెట్టుకోండి. మనం కొనే బేకింగ్ పౌడర్లలో చాలావరకు తడికి కొంచెం, వేడికి కొంచెం, రెండు విడతలుగా పొంగుతాయి. లేదా గ్యాస్ మీద మందపాటి గిన్నెలో ఇసక పోసి చేసుకోండి. నేను మొదటి కేకు అలాగే చేశాను.

రెండు, రాత్రి పిండిన రసం. ఈ నారింజ జాతి పళ్ళ రసం నిలవుంటే చేదెక్కుతుంది. పిండిన వెంటనే లేని చేదు గంటల్లో పుడుతుంది. గింజలు నలిగితే మరీను. అప్పటికప్పుడు పిండి, వెంటనే వడకట్టాలి.

మూడు, ‘తొక్క మొత్తం’ తురమడం. తురుముపీట మీద పైపైన, రంగున్న పొర మాత్రమే రావాలి. సువాసన నూనె అక్కడే ఉంది. తెల్లది కనిపించగానే పండుని తిప్పేయాలి. ఒక్కో చోట రెండు గీతలు చాలు.

ఇప్పుడు నా లెక్క రాసుకోండి. మైదా 200 గ్రాములు, పంచదార 180, ఉప్పు లేని వెన్న 125, గుడ్లు మూడు, గడ్డ పెరుగు 60 మిల్లీలీటర్లు, రసం 60 మిల్లీలీటర్లు, బేకింగ్ పౌడర్ ఒకటిన్నర చిన్న చెంచాలు, సోడా పావు చెంచా కంటే తక్కువ, ఉప్పు పావు చెంచా, ఒక పెద్ద పండు తురుము.

తురుముని పిండిలో వేయకండి. పంచదారలో వేసి వేళ్ళతో నలపండి, విబూది నలిపినట్టు. రెండు నిమిషాల్లో పంచదార తడిసి, లేత నారింజ రంగుకి తిరిగి, గదంతా వాసన వేస్తుంది. పంచదార పలుకులు తొక్కని గీరి నూనె బయటికి లాగుతాయి. బేకరీలో పనికొచ్చిన కొత్త కుర్రాళ్ళ చేత మొదటి రోజు ఈ పనే చేయించేవాణ్ణి, చేతికి ఆ వాసన అంటితే వాడిక మానడని. తర్వాత ఆ పంచదారలో వెన్న వేసి తెల్లబడే దాకా గిలకొట్టండి, గుడ్లు ఒక్కొక్కటీ కలపండి. పెరుగూ రసం కలిపితే విరిగినట్టు కనిపిస్తుంది, టెన్షన్ పడకండి. పొడులన్నీ జల్లించి ఒక వంతు, ఈ తడి ఒక వంతు, మళ్ళీ పొడి, ఇలా వేస్తూ చేత్తో తేలిగ్గా కలపండి. 170 డిగ్రీల్లో 45 నుంచి 50 నిమిషాలు. పుల్ల గుచ్చితే పొడిగా రావాలి.

కేకు వేడిగా ఉండగానే పుల్లతో పాతిక చోట్ల పొడిచి, 50 మిల్లీలీటర్ల రసంలో మూడు చెంచాల పంచదార కరిగించి పైన పోయండి. మర్నాటికి ఇంకా బాగుంటుంది. అదే రోజు తినేస్తే మీ ఇష్టం, నేను చెప్పినా ఎవరూ ఆగరు.

‘గ్రేప్‌ఫ్రూట్ కర్డ్’ అని చదివి గేదె పెరుగులో రసం కలిపాను. ఇదేనా? – కొత్తపేట
గ్రేప్‌ఫ్రూట్ కర్డ్ చేస్తే బూడిద రంగులో వచ్చి, ఇనుము నాకినట్టు ఉంది. – నరసాపురం

కొత్తపేట వారికి: కాదండీ. ఆ కర్డ్ పెరుగు కాదు. రసం, పంచదార, గుడ్డు సొన, వెన్న కలిపి చిన్న మంట మీద గరిటె తిప్పుతూ జున్నులా చిక్కబరిచేది. మీరు చేసింది లస్సీ. బాగుంటే తాగేయండి.

నరసాపురం వారికి: గిన్నె ఏమిటో రాయలేదు. మనం సిల్వర్ గిన్నె అంటామే, అదే అయివుంటుంది. అది వెండీ కాదు సిల్వరూ కాదు, అల్యూమినియం. పులుపు దానితో కలబడుతుంది, రంగూ రుచీ రెండూ పోతాయి. స్టీలు గిన్నెలో, అడుగున వేడినీళ్ళ గిన్నె పెట్టి, గరిటె ఆపకుండా చేయండి. గ్రేప్‌ఫ్రూట్ రసంలో పులుపు నిమ్మ కంటే బాగా తక్కువ కాబట్టి రెండు చెంచాల నిమ్మరసం కలపకపోతే చప్పగా ఉంటుంది.

మా మావయ్యగారు బీపీకీ కొలెస్ట్రాల్‌కీ మందులు వాడతారు. డాక్టరు గ్రేప్‌ఫ్రూట్ తినొద్దన్నారు. కేకులో కాస్త వేస్తే ఏమవుతుంది? మన పంపర పనస పర్లేదా? – రావులపాలెం

దీనికి మాత్రం నేను తమాషా చేయను. డాక్టరు సరిగ్గా చెప్పారు.

మనం మింగే కొన్ని మందులని పేగుల్లోని ఒక ఎంజైము కొంత విరిచేస్తుంది. మోతాదు ఆ లెక్కన నిర్ణయిస్తారు. గ్రేప్‌ఫ్రూట్‌లోని కొన్ని పదార్థాలు ఆ ఎంజైముని పనిచేయకుండా కట్టేస్తాయి. అప్పుడు ఒక మాత్ర వేసుకున్నా ఒంట్లో రెండు మూడు మాత్రలంత మందు చేరొచ్చు. ఇది బయటపడ్డ తీరు చిత్రం. కెనడాలో ఫెలోడిపిన్ అనే బీపీ మందుకీ మద్యానికీ పొత్తు చూస్తూ, మద్యం రుచి తెలియకుండా గ్రేప్‌ఫ్రూట్ రసం కలిపారు. రక్తంలో మందు అనుకున్నదానికంటే చాలా ఎక్కువ కనిపించింది. తప్పు మద్యానిది కాదు, రసానిది అని తేలింది. ఆ సంగతి 1989లో అచ్చయింది.

కొలెస్ట్రాల్ మందుల్లో సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్‌లకి ఈ తగువుంది. రోసువాస్టాటిన్‌కి అంతగా లేదు. బీపీ మందుల్లో ఫెలోడిపిన్, నిఫెడిపిన్‌లకి ఉంది. పొద్దున మాత్ర, సాయంత్రం పండు అని సర్దుకోవడం కుదరదు. ఒక్క గ్లాసు ప్రభావం రోజు దాటి కూడా ఉంటుంది. ఓవెన్‌లో కాలితే పోతుందన్న భరోసా నేనివ్వను. తల్లి గుణం బిడ్డకి వచ్చింది కదా, పంపర పనసలోనూ ఆ పదార్థాలున్నాయి. మాత్రల అట్ట పట్టుకెళ్ళి డాక్టరుకి చూపించి, పంపర పనస పేరు చెప్పి మరీ అడగండి. గ్రేప్‌ఫ్రూట్ అంటే ఆయన ఎలాగూ వద్దంటారు, దొడ్లో కాయ సంగతి మీరు చెబితేనే తెలుస్తుంది. ఈలోగా మావయ్యగారికి కమలాపండు పెట్టండి. ఇంటికి చుట్టాలొస్తే కేకు కోసే ముందు అందులో ఏం వేశారో చెప్పండి.

క్రిస్మస్ కేకుల్లో టూటీ ఫ్రూటీకి బదులు ఈ తొక్కలు వాడొచ్చని ఒకసారి రాశారు. చేస్తే వేపాకులా ఉన్నాయి. – మొగల్తూరు

మీకంటే ముందు నేనే తగలబడ్డాను. 1994 డిసెంబరు. ఒక చర్చికి నలభై కేకుల ఆర్డరు. టూటీ ఫ్రూటీ అంటే మీకు తెలుసుగా, పచ్చి బొప్పాయి ముక్కలకి రంగేసి పాకం పట్టినవి. బొప్పాయి రుచంటూ ఏమీ ఉండదు. ఈసారి గొప్పగా చేద్దామని మా బావమరిది దొడ్లోంచి సంచెడు పంపర పనసలు తెప్పించి, తొక్కలు ఒక్క ఉడుకు ఉడికించి పాకంలో వేశాను. క్రిస్మస్ మర్నాడు పాస్టరుగారు సైకిలు మీద వచ్చారు. కోపంగా కాదు, చాలా నెమ్మదిగా, “ఏమండీ, ఉగాదికి ముందే వేపపువ్వు వేశారా?” అన్నారు. డబ్బు తిరిగిస్తానంటే తీసుకోలేదు. కొత్త సంవత్సరానికి ఇరవై కేకులు ఊరికే చేసిచ్చాను.

ఒక్క ఉడుకు చాలదు. గ్రేప్‌ఫ్రూట్ తొక్కకి మూడు. పంపర పనస తొక్కయితే ముందు రోజు రాత్రి ఉప్పునీళ్ళలో నానబెట్టి, మర్నాడు నాలుగు. ప్రతిసారీ చల్లటి నీళ్ళతో మొదలుపెట్టాలి, తెర్లాక అయిదు నిమిషాలుంచి నీళ్ళు పారబోయాలి. పారబోసే నీళ్ళు వేలితో నాకి చూడండి. మొదటివి నాలుక ముడుచుకుపోయేంత చేదు, రెండోవి కషాయం, మూడోవి టీ నీళ్ళంత. అక్కడ ఆపండి. అసలు చేదే లేకుండా చేస్తే మళ్ళీ బొప్పాయి దగ్గరికే వచ్చాం. పంపర పనస తెల్లది సగానికి సగం చెక్కేయడం మరవకండి, మొత్తం తీయొద్దు. పాకం పీల్చుకునేది ఆ దూదే.

ఉడికిన ముక్కలు తూచి, అంతే బరువు పంచదార, అందులో సగం నీళ్ళు. చిన్న మంట మీద ముప్పావుగంట. ముక్క అద్దంలా మారి, అవతల వెలుతురు కనిపించాలి. పాకం లేత తీగ దగ్గర దించి, రాత్రంతా అందులోనే వదిలేయండి. పొద్దున జల్లెడ మీద ఆరబెట్టండి. ఇక్కడే మన డెల్టాతో చిక్కు. డిసెంబరులో కాలవ గట్టు ఇళ్ళల్లో పొద్దున పది దాకా మంచు, ఏదీ ఆరదు. ఫ్యాను కింద రెండు రోజులు పెట్టండి, లేదా ఆపేసిన ఓవెన్‌లో గోరువెచ్చగా ఉన్నప్పుడు పెట్టి తలుపు ఓరగా తీసి ఉంచండి. చేతికి అంటనప్పుడు పంచదారలో దొర్లించి గాజు సీసాలో వేయాలి. కేకులో కిలో పిండికి 150 గ్రాములు మించొద్దు. మిగిలిన పాకం పారేయకండి, సోడాలో రెండు చెంచాలు కలిపి ఉప్పు వేస్తే గోళీసోడా కొట్టువాడు సిగ్గుపడాలి.

గ్రేప్‌ఫ్రూట్ రసంతో పులిహోర కలిపాను. చప్పగా, తియ్యచేదుగా ఉంది. మా ఆయన ధనుర్మాసం ప్రసాదం పాడుచేశావన్నారు. కారంలో దీన్ని వాడే దారే లేదా? – ముక్కామల

పులిహోరకి దబ్బకాయ ఉండగా గ్రేప్‌ఫ్రూట్ దగ్గరికి ఎందుకు వెళ్ళారమ్మా? ఆ పులుపుకీ ఆ ఘాటుకీ ఇది సరిపోదు. మీ ఆయన పక్షమే నేను.

కారంలో దారి ఉంది. ఈ పండు వేడి మీద ఉడకకూడదు, చివర్లో కలవాలి. అదొక్కటే నియమం. పెరుగు పచ్చడి చేయండి: చిక్కటి పెరుగు, ఉప్పు, అల్లం పచ్చిమిర్చి ముద్ద, ఆవాలు జీలకర్ర ఎండుమిర్చి ఇంగువ పోపు. పోపు చల్లారాక తొనలు విడదీసి వేయాలి, వడ్డించే ముందు మాత్రమే.

నెలపట్టు అయిపోయి నీచు తినేవాళ్ళకి ఇంకోటి. పావుకిలో రొయ్యలు పసుపూ ఉప్పూ కారం పట్టించి, కరివేపాకుతో నాలుగు నిమిషాలు వేయించి దించండి. గోరువెచ్చగా అయ్యాక ఒక పండు తొనలు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, కొత్తిమీర, వేయించి పొట్టు తీసి కచ్చాపచ్చాగా దంచిన వేరుశనగ గుళ్ళు, చెంచాడు కొబ్బరి కోరు. కలిపి వెంటనే తినాలి. రొయ్యల తీపికి ఆ కొంచెం చేదు బాగా ఆనుతుంది. పంపర పనస ముత్యాలైతే ఇంకా మంచిది, పళ్ళ కింద టప్‌మని పగులుతాయి. రొయ్యలు వద్దంటే ఉడికించిన చిలకడదుంప ముక్కలు వేయండి.

పులస పులుసులో ఇది వేయొచ్చా అని ఒకాయన అడిగారు. ఆయన ఊరి పేరు వేయడం లేదు, ఊళ్ళో తిరగాల్సిన మనిషి.

గ్రేప్‌ఫ్రూట్ గింజలు పాతితే మొలుస్తాయా? అదే పండు కాస్తుందా? – మండపేట

మొలుస్తాయి. గింజ తడి ఆరకముందే పాతండి. ఈ విషయంలో బిడ్డ తల్లి కంటే నయం. గ్రేప్‌ఫ్రూట్ గింజలో మామూలుగా ఒకటికి మించి మొలకలుంటాయి, వాటిలో ఎక్కువ భాగం తల్లి చెట్టుకి అచ్చు నకలు. పంపర పనస గింజలో ఒక్కటే మొలక, అది ఎవరి పోలికతో వస్తుందో చెప్పలేం. అందుకే దానికి గాలి అంటు కట్టిన మొక్కే కొనాలి. మీకు కడియం నర్సరీలు పక్కనే. అయితే గింజ మొక్క కాపుకి చాలా ఏళ్ళు పడుతుంది, ఒళ్ళంతా ముళ్ళు. మన రేగడి నేలలో నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళిపోతుంది కాబట్టి మట్టి దిబ్బ పోసి దాని మీద పెట్టండి. నేను 2019లో పెట్టింది మా ప్రహరీగోడ దాటి పెరిగింది. ఇంకా ఒక్క పువ్వూ పూయలేదు. దబ్బాకులా ఉంటుందేమోనని మా ఆవిడ ఆకులు కోసి మజ్జిగలో వేస్తోంది.